ఐదు వత్తుల పడవ

ప్రొద్దుటూరు,
కార్తీకం ఆఖరి సోమవారం పోయిన మర్నాడు.

ఈ రోజు పనులు: తెల్లవారుజామున కుళాయి వచ్చింది, పద్నాలుగు బిందెలు పట్టాను. రెండు పూటలకూ కలిపి సంగటి, గోంగూర పప్పు చేశాను. నిన్నటి బురద చీరతో కలిపి పదకొండు బట్టలు ఉతికి మిద్దె మీద ఆరేశాను. కందిపప్పు రాళ్లు ఏరి డబ్బాకు పోశాను. కుట్టుమిషనుకు నూనె వేశాను. మిగిలింది నీకు ఉత్తరం ఒక్కటే. ఇది తీరిగ్గా చేయాల్సిన పని కాబట్టి ఆఖరికి పెట్టుకున్నాను.

అమ్మకు, నీ చిన్న కూతురు ఓబులమ్మ కాళ్లకు మొక్కి రాసేది. ఇక్కడ నేను, మీ అల్లుడు బాగున్నాం. నీ మోకాలు ఎట్లుంది? అక్క పూస్తున్న నూనెతో ఏమన్నా గుణం కనిపించిందా? అక్కా బావా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. పులివెందులలో ఈసారి చలి ముందే వచ్చిందని బావ చెప్పాడు, ఆ ఊదా రంగు దుప్పటి పెట్టెలో దాచకుండా కప్పుకో. అక్షరాలు పెద్దవిగా రాసి, వరుసకూ వరుసకూ మధ్య చోటు వదిలాను. ఫోనులో నీకు వినబడక నేను అరవడం, నేనేదో పోట్లాడుతున్నానని పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూడడం, ఎందుకొచ్చిన తిప్పలు? ఉత్తరమైతే నీ ఇష్టమొచ్చినన్నిసార్లు చదువుకోవచ్చు.

నీకు రెండు సంగతులు ముందే ఒప్పుకోవాలి. నాయన పాత పంచె ఒకటి నా పెట్టెలో ఉండింది కదా, దాన్ని మూరెడు కత్తిరించాను. మన పాత ఇంటి గడప దగ్గర నుంచి నువ్వు ఏరి ఇచ్చిన నాపరాయి ముక్క, నేను వెల్లుల్లి దంచుకునేది, అది ఇప్పుడు నా దగ్గర లేదు. కోప్పడకు. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

డ్యాము నీళ్లలో ఊరు మునిగాక మనకిచ్చిన కాలనీ ఇల్లు శ్రావణంలో ఖాళీ చేసిన రోజు, నువ్వు అక్కతో పులివెందుల బస్సు ఎక్కబోతూ నాతో ఒక మాట అన్నావు. "వచ్చే కార్తీకంతో ఐదేండ్ల దీపాలు బాకీ పడ్తాం మీ నాయనకు. నేనింక పోలేను. మీరేమో ఆ నీళ్ల దిక్కే సూడరు" అన్నావు. బస్సు కదిలినా ఆ మాట నాలోనే నిలిచిపోయింది. ఊరు మునిగినప్పటి నుంచి మన చేలోని నాయన సమాధికి కార్తీకం ఆఖరి సోమవారం దీపం లేదు. మొదటి ఏడు నువ్వు ఇంట్లోనే పెట్టి చూశావు. "సమాధి దగ్గర పెట్టంది దీపమెట్లయితుంది" అని నువ్వే మళ్లీ ఆర్పేశావు. అది నేను మర్చిపోలేదు.

ప్రొద్దుటూరు వచ్చిన కొత్తలో నాకు పొద్దు పోయేది కాదు. మీ అల్లుడు బట్టల అంగడి లెక్కలు చూసి రాత్రికి గాని రాడు. అమ్మాయి కడప హాస్టల్లో చదువుతోంది. ఇంటి పనంతా మధ్యాహ్నానికే అయిపోయేది. వీధి నిండా మనుషులే, నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. కాలనీలో అయితే ఏ ఇంటి ముందు కూర్చున్నా మన ఊరి మాటే వినిపించేది. ఇక్కడ కారం దోసె బాగుంటుంది, కూరగాయలు చవక, డాక్టరు దగ్గర, అన్నీ సౌకర్యమే. అయినా రెండు గంటల నుంచి నాలుగు గంటల దాకా గోడ వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ వేళకే కింద నుంచి చెక్క గీకే చప్పుడు వచ్చేది. మేముండేది పైభాగం, కింద ఇంటివాళ్లుంటారు. దస్తగిరన్న వడ్రంగి. కువైట్లో ఇరవై ఏండ్లు చెక్క పడవలు బాగుచేసే చోట పనిచేసి వచ్చాడు. ఆయన భార్య హుసేన్‌బీని నేను వదినా అంటాను. ఒకరోజు ఆమె పంపిన సేమియా గిన్నె తిరిగి ఇవ్వడానికి కిందికి పోయాను. గోడ పొడవునా అరలు, ఆ అరల నిండా పడవలు! మూరెడువి, జానెడువి, ఒకటైతే నా అరచేతిలో పట్టేంత. తాళ్లు, తెరచాపలు, తెడ్లు, అన్నీ నిజం పడవలకున్నట్టే ఉన్నాయి.

"ఇవి అమ్మేదానికా అన్నా?" అని అడిగాను.

"అమ్మేదానికి ఎవరు కొంటారుమ్మా, ఈడ యాడుంది సముద్రం? చేతులు ఊరికే ఉండవు, అంతే" అన్నాడు.

హుసేన్‌బీ వదిన లోపల నుంచే అందుకుంది. "నా మంచం కోళ్లు రెండేండ్ల నుంచి ఊగుతాండాయి. ఆటికి మాత్రం చేతులు రావు. ఏమన్నా అంటే పడవ చేస్తాండా అంటాడు. ఆ పడవలోనే పండుకో పో అన్నా ఒకరోజు."

"పండుకుంటా గానీ నువ్వు దోమతెర కట్టల్ల" అన్నాడాయన.

నాకు నవ్వు వచ్చింది. కొత్త ఊర్లో గట్టిగా నవ్వింది అదే మొదలు. నవ్వుతూనే ఆ పడవల వైపు చూశాను, నీ మాట గుర్తుకొచ్చింది. సమాధి దగ్గరికి మనిషి పోలేడు. పడవ పోగలదు. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. మీ అల్లుడితో చెబితే ఏమన్నాడో తెలుసా? "ఊరు మునిగేటప్పుడు చెయ్యల్సింది. ఇప్పుడు చేస్తాండావా పడవ!" అన్నాడు. ఎగతాళి చేశాడు గానీ మర్నాడు సాయంత్రం అంగడి నుంచి వస్తూ చిన్న రంపం ఒకటి కొనుక్కొచ్చి అన్నం గిన్నె పక్కన పెట్టాడు.

మొదటి పడవ నేను ఎవరినీ అడగకుండా చేశాను. కింద అరలో ఉన్నదాన్ని చూసి కాగితం మీద కొలతలు గీసుకున్నాను. పాత కిటికీ చెక్క కోసి పలకలు చేసి, చిన్న మేకులు కొట్టాను. పలకల మధ్య సందులు మిగిలాయి. నీళ్లు లోపలికి రాకుండా ఏం చేయాలి? మనకు తెలిసినది ఒకటే కదమ్మా. మట్టిమిద్దె కారకుండా మనం ఏం పోస్తాం? చౌడు! కాలనీలోనే ఉండిపోయిన మన అన్న పుల్లయ్య ఏదో పని మీద ఇక్కడికి వస్తుంటే ఒక సంచి చౌడు తెమ్మన్నాను. పూలకుండీలకేమో అనుకుని మోసుకొచ్చాడు పాపం. నేను ఆ చౌడు తడిపి, నువ్వు మిద్దె మీద తొక్కించినట్టే మెత్తగా పిసికి, సందులన్నిటికీ దట్టించి, మూడు రోజులు ఎండబెట్టాను. రాయిలా అయింది. నాకెంత గర్వమో! వదినను, దస్తగిరన్నను పిలిచి బట్టలుతికే తొట్టిలో వదిలాను.

పది లెక్కపెట్టేలోగా తొట్టి నీళ్లు మడ్డిగా మారాయి. చౌడంతా కరిగి కిందికి దిగింది, పడవ దాని వెనకాలే దిగింది. నేను చేయి పెట్టి తీసేసరికి మోచేతి దాకా బురద.

దస్తగిరన్న నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వదిన మాత్రం దాచుకోలేదు. "మిద్దెను తెచ్చి నీళ్లల్లో తేల్చబోయినావా ఓబులమ్మా!" అని కూలబడి నవ్వింది.

"నీదేం తప్పు లేదుమ్మా" అన్నాడు దస్తగిరన్న, నవ్వు ఆపుకున్నాక. "మిద్దె మీద పడిన వాన జారిపోతాది. అందుకే చౌడు నిలుస్తాది. పడవ నీళ్లల్లోనే కూచోనుంటాది. దానికి వేరే మందుంది. ఇంతకూ ఎందుకు చేస్తాండావు ఇది?"

అప్పుడు చెప్పాను, నాయన సమాధి గురించి, నీ మాట గురించి. ఆయన లోపలికి పోయి టేకు చెక్క ముక్కలు ఒక సంచి నిండా తెచ్చి నా ముందు పెట్టాడు. "రేపు రెండు గంటలకు రా. మొదట్నుంచి చేద్దాం" అన్నాడు.

అమ్మా, అట్లా ఐదు వారాలు. ఇంటి పని ముగించి రెండు గంటలకు కిందికి, నాలుగు గంటలకు పైకి. వదిన పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ మా ఇద్దరినీ తిడుతూ ఉండేది. పడవకు ముందు వెన్నెముక లాంటి అడుగు కర్ర ఒకటి చేయాలి. దానికి పక్కటెముకల్లాగా వంపు కర్రలు నిలబెట్టాలి. వాటి మీద సన్నని పలకలు ఒక్కొక్కటే కప్పుకుంటూ రావాలి. పలక వంగకపోతే విరుగుతుంది, వంగాలంటే ఆవిరి పట్టాలి. నేను ఇడ్లీ పాత్రలో పెట్టి ఆవిరి పట్టాను. మీ అల్లుడు మూత తీసి చూసి, "ఇయ్యాల టిఫిను టేకు ఇడ్లీనా?" అన్నాడు. మొత్తం ఇరవై నాలుగు పలకలు పట్టాయి, ఏడు విరిగాయి. విరిగినవి కూడా నా రోజు లెక్కల పుస్తకంలో రాసుకున్నాను, ఏ పలక ఎంతసేపు ఆవిరిలో ఉందో, ఎక్కడ విరిగిందో. పడవ అయ్యేలోగా పుస్తకం నింపేట్టున్నావని వదిన అంటే, దస్తగిరన్న "ఆ పుస్తకం నాకీమ్మా, నేను ఇరవై ఏండ్లల్లో ఒక్కటీ రాసుకోలేదు" అన్నాడు. నాకది సన్మానం చేసినట్టే అనిపించింది.

సందులకు చౌడు బదులు ఏం పెట్టాలో తెలిస్తే నువ్వు ఆశ్చర్యపోతావు. దూది వత్తులు! నూనెలో నానబెట్టి, మొద్దు ఉలి మొనతో సందుల్లోకి కుక్కి, పైన గుగ్గిలం నూనెతో కాచి పూయాలి. కార్తీకం వత్తులు చేసే చేతులు కదా, నేను చేసినవి చూసి ఆయన, "కువైట్లో మా మేస్త్రీకి ఇట్లాంటివి దొరికింటే నెత్తిన పెట్టుకునేటోడు" అన్నాడు. నువ్వు నాకు పదేళ్లప్పుడు మోకాలి మీద వత్తి చేయడం నేర్పావు. ఆ విద్య పడవకు పనికొస్తుందని ఎవరనుకున్నారు?

ఈసారి తొట్టిలో వదిలితే చుక్క నీరు లోపలికి రాలేదు. కానీ దీపం పెట్టగానే ఇంకో చిక్కు వచ్చింది. గాలికి ఆరకుండా టీ గ్లాసులో ఆముదం పోసి వత్తులు వేశాను. తెరచాప నాయన పంచె గుడ్డ. గ్లాసు, తెరచాప రెండూ పైనే ఉండేసరికి చిన్న గాలికే పడవ పక్కకు ఒరిగి బోర్లా పడింది. రెండుసార్లు పడింది.

"పైన దీపమొకటే పెడితివి. కింద బరువేదీ?" అన్నాడు దస్తగిరన్న. "అడుగున రాయి పెట్టల్ల. చిన్నది, బరువైంది, చదునుది."

ఇల్లంతా వెతికాను. ఇటుక ముక్క లావు, గులకరాయి దొర్లుతుంది, ఇనుప ముక్కకు తుప్పు. చివరికి వంటింట్లో వెల్లుల్లి దంచే రాయి చేతిలోకి తీసుకున్నాను. నువ్వు ఇచ్చినదే, మన గడప నాపరాయి. పడవ అడుగులో పెడితే అమర్చి కోసినట్టు సరిపోయింది. ఆ తర్వాత గ్లాసు పెట్టి, నీళ్లల్లో పెట్టి, నేను అట్టముక్కతో ఎంత విసిరినా పడవ వంగి మళ్లీ లేచింది. నాకు ఏడుపొచ్చింది అమ్మా. వదిన చూసి టీ పెట్టి ఇచ్చింది.

ఇక మన పుల్లయ్యన్న సంగతి. నీకు తెలుసు కదా, నీళ్లు వచ్చినప్పటి నుంచి అన్న అటు పోయింది లేదు. మన చేను ఎక్కడుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు, ఇరవై ఏండ్లు దున్నిన మనిషి. ఆయన రాకపోతే నేను పడవను ఎటు వదలాలి? ఫోను చేశాను. "ఆ నీళ్ల మొహం సూడను పాపా. నన్నడగొద్దు" అన్నాడు. రెండోసారి చేసినా అదే మాట. మూడోసారి నేను, "సరే, నేనే పోతా. ఏదో ఒకపక్క వదుల్తా. నాయన ఎవరి చేను దగ్గరో ఎదురుచూస్తా ఉంటాడులే" అన్నాను. దానికి ఆయన, "కొండాపురంలో బస్సు దిగు. నేనొస్తా" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం జమ్మలమడుగు మీదుగా పోయాను. పడవను అట్టపెట్టెలో పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు, "ఏందమ్మా, కోడిపిల్లలా?" అని అడిగి పెట్టె మూత తీసి చూశాడు. చూసి, తన సంచి తీసి నా పక్క సీటు ఖాళీ చేసి, పెట్టె అక్కడ పెట్టించాడు.

అన్న బస్టాండులో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు గానీ ఆరోగ్యం బాగానే ఉంది, దిగులు పడకు. నన్ను మన పాత రోడ్డు నీళ్లలోకి దిగిపోయే చోటికి తీసుకుపోయాడు. తారు రోడ్డు తిన్నగా పోయి, పోయి, నీళ్ల కిందికి వెళ్లిపోతుంది. ఇంకా ఎవరైనా బండి తోలుకుని ఊర్లోకి పోతారేమో అన్నట్టుంది. గాలి మా వెనక నుంచి వీస్తోంది. అందుకే ఆ చోటు ఎంచుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. దూరంగా కరెంటు స్తంభం తల ఒక్కటి నీళ్ల పైన కనిపిస్తోంది.

"అది మన చేను మూల స్తంభం" అన్నాడు అన్న. ఐదేళ్లలో మొదటిసారి ఆ నీళ్ల వైపు చేయి చాపాడు. "దాని నుంచి కొండ దిక్కు ఇరవై అడుగులు. ఆడుండాడు నాయన."

పొద్దు గుంకుతుండగా గ్లాసులో వత్తులు వేశాను. ఏడాదికి ఒకటి లెక్కన ఐదు. అన్న వెలిగించాడు. పడవకు కుట్టుమిషను దారం కట్టాను, వెనక్కి లాక్కోవడానికి. మూడు ఉండలు ముడివేసి తెచ్చాను, సరిపోతుందనుకున్నాను. పడవ రోడ్డు మీద నుంచే నీళ్లలోకి దిగింది. నాయన పంచె గుడ్డ గాలికి నిండింది. నేను దారం వదులుతూనే ఉన్నాను. మొదటి ఉండ అయిపోయింది, రెండోది అయిపోయింది. మూడో ఉండ చివరి కొస నా వేళ్లలో ఆగింది. పడవ కూడా ఆగింది. స్తంభం ఇంకా దూరంగా ఉంది.

"వచ్చిందా అన్నా?" అన్నాను.

"రాలేదు. అది పక్కోళ్ల చేను."

నాకు ఏం చేయాలో తోచలేదు. ఐదు వారాల పని ఆ దారం చివర ఉంది. మన గడప రాయి ఉంది. లాగితే అన్నీ నా చేతికి తిరిగి వస్తాయి, వచ్చే ఏడాది ఇంకో రెండు ఉండల దారంతో రావచ్చు. కానీ అప్పటికి ఆరు దీపాలవుతాయి. నువ్వు మళ్లీ ఎప్పుడు బస్సు ఎక్కినా అదే మాట అంటావు. నేను అన్న వైపు చూశాను. ఆయన పడవనే చూస్తున్నాడు.

"ఆ రాయి మన గడపది అన్నా" అన్నాను.

"తెలుసు పాపా. ఇంటిది ఇంటికే పోతాది. వదిలేయ్" అన్నాడు.

నేను వదలలేకపోయాను. అన్న నా చేతిలోని దారం పట్టుకుని పంటితో కొరికాడు. కొస నీళ్ల మీదికి జారిపోయింది. పడవ ఒక్కసారి ఒరిగి లేచి, కదిలింది. నేను లెక్కపెడుతున్నాను, ఎందుకో తెలియదు. రెండు వందల ముప్పై దగ్గర స్తంభాన్ని దాటింది. అన్న భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇప్పుడు" అన్నాడు. "నాయన మీదికొచ్చె."

దీపం ఆరలేదు అమ్మా. చీకటి పడేదాకా నిలబడి చూశాం, ఆరలేదు. ఆముదం నిదానంగా కాలుతుందని నువ్వే చెప్పేదానివి. తిరిగి వచ్చేటప్పుడు అన్న చాలాసేపు మాట్లాడాడు. ఆ చేలో ఏ ఏడు శనగ వేశాడు, ఏ ఏడు పొద్దుతిరుగుడు వేశాడు, నాయన గట్టు మీద కూర్చుని ఏమని తిట్టేవాడు, అన్నీ చెప్పాడు. బస్సు ఎక్కించేటప్పుడు, "మల్లా ఏటికి పెద్దది చెయ్. నేనూ ఒక చెయ్యి వేస్తా" అన్నాడు.

అందుకని రాయి, పంచె గుడ్డ రెండూ నాయన దగ్గరే ఉన్నాయి. నువ్వు కోప్పడవని నాకు నమ్మకం. రాత్రి ఇంటికి వచ్చి చెబితే దస్తగిరన్న, "పడవంటే పోవల్ల గదమ్మా. నా అరలో ఉన్నవన్నీ యాటికీ పోలేదు. నీదొక్కటే పోయింది" అన్నాడు. ఈ మనుషుల ఇంట్లో చోటు దొరకడం నా అదృష్టం. మొదట్లో ఈ ఊరు నాది కాదనుకున్నాను. ఇప్పుడు రెండు గంటలైతే కింద నా కోసం ఒక పీట వేసి ఉంటుంది. ఇంకో పడవకు అడుగు కర్ర చెక్కడం మొదలుపెట్టాను, దేనికని అడగకు, చేతులు ఊరికే ఉండవు. వదిన మంచం కోళ్లు మాత్రం నేనూ దస్తగిరన్నా కలిసి ఈ ఆదివారం సరిచేస్తామని మాట ఇచ్చాం.

అక్కతో చెప్పు, ఈసారి ఎవరైనా ఇటు వస్తుంటే చింతతొక్కు ఒక చిన్న జాడీ, వదినకు కూడా కలిపి పంపమని. నాకు వెల్లుల్లి దంచుకోవడానికి ఇంకో రాయి కావాలి. పులివెందుల దిక్కు నున్నటి రాయి ఏదైనా కనిపిస్తే బావను తీసిపెట్టమను. బావకు, పిల్లలకు మా దీవెనలు, నమస్కారాలు ఎవరికి తగినవి వాళ్లకు. పక్కింటి ముసలవ్వను అడిగానని చెప్పు. మోకాలికి ఎండ తగలనీ, మందులు మానేయకు. నేను, మీ అల్లుడు, అందరం బాగున్నాం, మళ్లీ చెబుతున్నాను, బాగున్నాం. నీ ఆశీర్వాదం మా మీద ఉండనీ.

ఇట్లు నీ కాళ్లు మొక్కే కూతురు,
ఓబులమ్మ

నా పుస్తకంలో నిన్నటి తేదీ కింద రాసుకున్న వరుస ఒకటి నీకు ఇక్కడ కూడా రాస్తున్నాను, నీ కళ్లతో చూసుకో:

నాయనకు బాకీ, ఐదేండ్లవి, ఐదు దీపాలు. చెల్లు.